స్కాట్లండ్‌లో పూర్వీకుల జాడ: స్థానిక లైబ్రరీ రికార్డులకు దరఖాస్తు విధానం

స్కాట్లండ్‌లో పుట్టిన తాత గురించో ముత్తాత గురించో వెతికేవాళ్లు చాలామంది ముందుగా ఆన్‌లైన్‌లో పేరు కొట్టి, వచ్చిన జాబితాలో మొదటి రికార్డుకు డబ్బు కట్టేస్తారు. అలా చేయకండి. అక్కడ ఒకే పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోకి వచ్చే ప్రాంతంలో), ఒకే పదేళ్లలో, ఒకే పేరుతో నలుగురైదుగురు ఉండటం మామూలే. ముందు మీ మనిషిది ఏ ఊరో, ఏ కుటుంబమో తేల్చుకోవాలి. అందుకు స్థానిక లైబ్రరీని మించిన చోటు లేదు. రిజిస్టర్ నకలుకు డబ్బు కట్టడం ఆ తర్వాతి సంగతి.

తెలుగు నేలకూ స్కాట్లండ్‌కూ ఉన్న సంబంధం చిన్నదేమీ కాదు. రాయలసీమ ఇప్పటికీ గుర్తుపెట్టుకున్న థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మన ఊళ్ల కైఫీయతులు రాయించిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నవే వాడు. ఇలాంటి పెద్ద అధికారుల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. సిపాయిగా, రైల్వే ఇంజను డ్రైవరుగా, మిల్లు మేస్త్రీగా వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్ల సంగతి అలా కాదు, ఒక్కొక్క కాగితం వెతికి పట్టుకోవాలి. సికింద్రాబాదులో, విశాఖలో స్కాటిష్ ఇంటిపేర్లున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు, వాళ్లతో వియ్యమందిన తెలుగువాళ్లకు, ఇప్పుడు గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకుంటూ ఇంట్లోవాళ్ల కోసం వెతికిపెడుతున్న పిల్లలకు ఈ వివరాలు.

ఇండియా వైపు కాగితాలు ముందు

స్కాట్లండ్‌కు ఉత్తరం రాసేలోపు ఇక్కడి కాగితాలు పూర్తిగా చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిలు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల వివరాలను ఏటా లండన్‌కు పంపేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు రిజిస్టర్ల వరసకు ఎన్/2 అని గుర్తు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో, ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ సైట్‌లో వీటి సూచికలు ఉచితంగా వెతకవచ్చు. మద్రాసు ఎగ్మూరులో 1821లో తెరిచిన సెయింట్ ఆండ్రూస్ కర్క్ స్కాటిష్ ప్రెస్బిటీరియన్ల (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చి. పెళ్లి అక్కడ జరిగిందంటే స్కాట్లండ్ మూలం ఉండే అవకాశం గట్టిదని లెక్క.

బాప్తిస్మం కాగితంలో తండ్రి స్వస్థలం సాధారణంగా ఉండదు. అది కావాలంటే సైనిక పత్రాలు చూడాలి. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరినవాళ్ల పట్టీల్లో పుట్టిన చోటు, సైన్యంలో చేరకముందు చేసిన పని రాసేవాళ్లు. మీకు కావలసింది పారిష్ పేరు. అది దొరికితే సగం పని అయినట్టే.

ఏ లైబ్రరీకి రాయాలి

పాత పత్రాల్లో స్టర్లింగ్‌షైర్, ఫార్ఫార్‌షైర్ వంటి కౌంటీ పేర్లుంటాయి. 1975లో కౌంటీల పాలన రద్దయింది. 1996 నుంచి మొత్తం దేశానికి 32 కౌన్సిళ్లు, అంటే స్థానిక పాలనా సంస్థలు. అందుకని పత్రంలో ఉన్న కౌంటీని చూసి ఉత్తరం పంపితే చేరాల్సిన చోటికి చేరకపోవచ్చు. ఫాల్‌కర్క్ పాత స్టర్లింగ్‌షైర్‌లోదే, ఇప్పుడు దానికి సొంత కౌన్సిల్ ఉంది. పారిష్ పేరు ఇప్పుడు ఏ కౌన్సిల్ కిందికి వస్తుందో చూసుకుని, ఆ కౌన్సిల్ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగానికి రాయండి. కొన్నిచోట్ల లైబ్రరీలను కౌన్సిల్ తరఫున ట్రస్టులు నడుపుతాయి: గ్లాస్గోలో గ్లాస్గో లైఫ్, ఫైఫ్‌లో ఆన్‌ఫైఫ్, హైలాండ్స్‌లో హై లైఫ్ హైలాండ్. పేర్లు చూసి ప్రైవేటు సంస్థలనుకోవద్దు, మీరు వెతికే విభాగాలు వాటి కిందే ఉన్నాయి.

పాత పటాలు చూడాలంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పారిష్ ఎక్కడుందో, పక్క పారిష్‌లు ఏవో పటంలో ముందే చూసుకోండి. పెళ్లికూతురు తరచుగా పక్క పారిష్ నుంచే వచ్చేది.

లైబ్రరీలో మాత్రమే దొరికేవి

జనన మరణాల రిజిస్టర్లు ప్రభుత్వ సైట్ స్కాట్లండ్స్‌పీపుల్‌లోనూ ఉన్నాయి. ఒకే పేరున్న నలుగురిలో మీవాడెవరో చెప్పే సరుకు మాత్రం లైబ్రరీ అలమారాల్లో ఉంటుంది. ఆ ఊరి పాత వార్తాపత్రికల మైక్రోఫిల్ములు, స్మశానాల్లో రాళ్లమీది రాతలను ఎత్తిరాసిన పుస్తకాలు, ఎన్నికల జాబితాలు, వీధి డైరెక్టరీలు, స్థానిక చరిత్రకారులు ఇచ్చిపోయిన చేతిరాత సూచికలు అక్కడే దొరుకుతాయి. స్మశాన శాసనాల పుస్తకాలను తప్పకుండా అడగండి. దూరదేశంలో పోయిన కొడుకు పేరు కూడా తల్లిదండ్రుల రాయిమీద చెక్కించడం స్కాట్లండ్‌లో ఆనవాయితీ. మద్రాసులో పోయాడనో, సికింద్రాబాదులో పోయాడనో ఒక్క వాక్యం కనిపిస్తే చాలు, రెండు దేశాల కాగితాలూ కలుస్తాయి. పైగా తల్లి పేరు ఆ రాయిమీద సాధారణంగా పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటుంది.

వాల్యుయేషన్ రోల్స్ కూడా విలువైనవే. 1855 నుంచి 1989 వరకు ఏటా తయారైన ఆస్తి పన్ను జాబితాలివి. యజమాని ఎవరు, అద్దెకున్నది ఎవరు, ఇంటి విలువెంత అన్నది ఇంటింటికీ రాశారు. ప్రభుత్వ సైట్‌లో కొన్ని ఎంపిక చేసిన సంవత్సరాలే ఉన్నాయి. మధ్య సంవత్సరాలవి కావాలంటే స్థానిక లైబ్రరీలోనో ఆర్కైవ్‌లోనో అడగాలి. జనాభా లెక్కలు పదేళ్లకోసారి కాబట్టి, మనిషి ఏ ఏడు ఊరు వదిలి ఇండియాకు వచ్చాడో ఈ రోల్స్‌తోనే దగ్గరగా తేలుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సంగతులు దొరికేది పేదల సహాయ దరఖాస్తుల్లో. 1845 పూర్ లా చట్టం తర్వాత సహాయం అడిగినవాళ్లను ఇన్‌స్పెక్టరు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి రాసుకునేవాడు: ఎక్కడ పుట్టావు, తల్లిదండ్రులెవరు, పెళ్లి ఎక్కడైంది, పిల్లలెందరు, ఇంతకుముందు ఏ ఇళ్లలో ఉన్నావు, ఏం జబ్బు. గ్లాస్గో నగరానివి 1851 నుంచి 1948 వరకు, బరోనీ పారిష్‌వి 1861 నుంచి 1898 వరకు, గోవన్‌వి 1876 నుంచి 1930 వరకు మిచెల్ లైబ్రరీలోని నగర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఐర్లండ్ నుంచి, హైలాండ్స్ నుంచి నగరానికి వచ్చిపడ్డ కుటుంబాలకు అసలు ఊరు పేరు ఈ ఒక్క కాగితంలోనే ఉండటం కద్దు. పేదరికం రాసి ఉందని ఇంట్లో పెద్దవాళ్లు మొహమాటపడవచ్చు. పడాల్సిన పని లేదు. ధనవంతుల గురించి కూడా ఇంత వివరంగా రాసిపెట్టినవాళ్లు లేరు.

డండీ సంగతి వేరు. ఆ ఊరి మిల్లులు బెంగాల్ జనపనార మీద బతికాయి, ఆ ఊరి మేస్త్రీలు కలకత్తా మిల్లులకు వచ్చారు. హుగ్లీ ఒడ్డున ఆ మిల్లుల్లో గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలూ పనిచేశారు. కుటుంబ కథలో జూట్ మిల్లు ప్రస్తావన ఉంటే డండీ సెంట్రల్ లైబ్రరీ స్థానిక చరిత్ర కేంద్రాన్ని మొదట అడగండి.

దరఖాస్తు ఉత్తరం

ప్రత్యేక ఫారం కొన్ని లైబ్రరీలకే ఉంటుంది. మిగతా చోట్ల మామూలు ఈమెయిల్ సరిపోతుంది. ఒక ఉత్తరానికి ఒక మనిషి, ఒకే ప్రశ్న. "మా వంశం గురించి తెలిసిందంతా పంపండి" అని రాస్తే ఏ లైబ్రేరియనూ సాయం చేయలేరు. మనిషి పూర్తి పేరు, మీకు తెలిసిన వేరే స్పెల్లింగులు, సుమారు పుట్టిన సంవత్సరం, పారిష్, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు తెలిస్తే అది, మతశాఖ రాయండి. ఇప్పటికే ఎక్కడెక్కడ వెతికారో రెండు వాక్యాల్లో చెప్పండి, ఆ పని వాళ్లు మళ్లీ చేయకుండా ఉంటారు. ఆపైన కావలసింది సూటిగా అడగండి: ఫలానా పారిష్ స్మశాన శాసనాల పుస్తకంలో ఈ ఇంటిపేరు ఉందా, ఫలానా తేదీ పత్రికలో మరణ ప్రకటన ఉందా. ఊహగా చెప్పేదీ పత్రంలో చూసిందీ వేరుచేసి రాయడం మరవద్దు. మీ ఊహను వాళ్లు నిజమనుకుంటే వెతుకులాట దారి తప్పుతుంది.

చిన్న ప్రశ్నలకు చాలా లైబ్రరీలు డబ్బు తీసుకోవు. ఎక్కువసేపు వెతకాలంటే గంటల లెక్కన ఫీజు, ఫొటోకాపీకి, స్కానుకు వేరే ఫీజు ఉంటాయి. ఎంతవుతుందో ముందు చెప్పమని ఉత్తరంలోనే అడగండి. జవాబుకు వారాలు పట్టవచ్చు, మధ్యలో పదేపదే గుర్తుచేయకండి.

అక్కడే ఉన్నవాళ్లు స్వయంగా వెళ్తే ఇంకా మంచిది. మైక్రోఫిల్ము యంత్రం ముందుగా బుక్ చేసుకోవాలి, ఆర్కైవ్ పత్రాలు ముందు రోజే అడిగిపెట్టాలి, గుర్తింపు కార్డు, పెన్సిలు వెంట ఉండాలి. కొన్ని లైబ్రరీల్లో డబ్బు కట్టి చూడాల్సిన వార్తాపత్రికల సైట్లు, వంశచరిత్ర సైట్లు అక్కడి కంప్యూటర్లలో ఉచితం. విద్యార్థులు ఇది వాడుకోవచ్చు.

ప్రభుత్వ రిజిస్టర్లు

ఊరు, కుటుంబం తేలాక స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌కు వెళ్లండి. ఇది నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ నడిపే అధికారిక సైట్. ఖాతా తెరవడం, సూచికలో వెతకడం ఉచితం. రికార్డు బొమ్మ (స్కాన్ చేసిన పేజీ) చూడాలంటే క్రెడిట్లు కొనాలి. 30 క్రెడిట్లకు 7.50 పౌండ్లు, జనన, వివాహ, మరణ రికార్డు ఒక్కోదానికి 6 క్రెడిట్లు, అంటే పేజీకి 1.50 పౌండ్లు. కట్టేముందు సైట్‌లో ఆనాటి ధర చూసుకోండి.

పౌర నమోదు 1855 జనవరి 1న మొదలైంది. స్కాటిష్ మరణ రికార్డులో చనిపోయినవాళ్ల తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉంటాయి. అందుకే ఒక్క మరణ రికార్డుతో ఒక తరం వెనక్కి వెళ్లవచ్చు. మొదటి ఏడాది 1855లో అధికారులు మరీ ఎక్కువ వివరాలడిగారు, ఆ ఏడాది రికార్డు దొరికినవాళ్లు అదృష్టవంతులు. జనాభా లెక్కలు 1841 నుంచి 1921 వరకు చూడవచ్చు. 1841 లెక్కల్లో 15 దాటినవాళ్ల వయసును కిందనున్న అయిదు గుణిజానికి తగ్గించి రాయడం ఆనాటి పద్ధతి. 34 ఏళ్లవాడు అక్కడ 30 ఏళ్లవాడిగా కనిపిస్తాడు.

1855కు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నుంచి ఉంది. వీటిలో ఖాళీలు ఎక్కువ. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను వేశారు, చాలామంది పిల్లల పేర్లు రాయించడమే మానేశారు. 1843లో స్కాట్లండ్ అధికారిక చర్చి చీలిపోయి, మందిలో పెద్ద భాగం కొత్తగా ఏర్పడ్డ ఫ్రీ చర్చికి వెళ్లిపోయింది. ఆ ఇళ్ల పిల్లలు పాత రిజిస్టర్లలో కనిపించరు. అప్పుడు వాళ్లు వెళ్లిన చర్చి పుస్తకాలు వెతకాలి. పెళ్లి నమోదనుకున్నది చాలాసార్లు పెళ్లికి ముందు చర్చిలో చేసే ప్రకటన మాత్రమే, అది వధువు పారిష్‌లోనూ వరుడి పారిష్‌లోనూ ఉండవచ్చు. తండ్రి పేరు లేని బిడ్డ కనిపిస్తే ఆగిపోవద్దు. కర్క్ సెషన్ అనే చర్చి పెద్దల సభ తల్లిని పిలిచి అడిగేది, ఆ మినిట్స్ పుస్తకాలు చాలావరకు ఇదే సైట్‌లో ఉచితంగా చూడవచ్చు.

పేర్లలో మెలకువ కావాలి. మాక్, మెక్ రెండు రకాలుగానూ వెతకండి, అనుమానమున్న అక్షరం చోట నక్షత్రం గుర్తు పెట్టండి. జెస్సీ అన్నా జానెట్ అన్నా ఒకరే కావచ్చు, డొనాల్డ్ డేనియల్‌గా, ప్యాట్రిక్ పీటర్‌గా మారవచ్చు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం అక్కడా వాడుక. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. అన్ని ఇళ్లూ పాటించలేదు గనక దీన్ని ఆధారంగా తీసుకోకండి, ఎటు వెతకాలో చూపే సూచనగా వాడండి.

100 ఏళ్లు దాటని జననం, 75 ఏళ్లు దాటని వివాహం, 50 ఏళ్లు దాటని మరణం బొమ్మలు ఇంటినుంచి చూడలేం. ఎడిన్‌బరోలోని స్కాట్లండ్స్‌పీపుల్ సెంటర్‌లో, గ్లాస్గో మిచెల్ లైబ్రరీలో, కిల్‌మార్నక్ బర్న్స్ మాన్యుమెంట్ సెంటర్‌లో సీటు బుక్ చేసుకుంటే అవీ చూడవచ్చు. ఎడిన్‌బరోలో రోజు సీటుకు 15 పౌండ్లు, ఎన్ని రికార్డులు చూసినా అంతే. పేర్ల జాబితా రాసుకుని వెళ్తే క్రెడిట్లకన్నా ఇదే చౌక.

వీసా వంటి అధికారిక అవసరానికి డౌన్‌లోడ్ చేసిన బొమ్మ చెల్లదు. ధ్రువీకరించిన నకలు అదే సైట్‌లో గానీ స్థానిక రిజిస్ట్రారు దగ్గర గానీ విడిగా తెప్పించుకోవాలి. ఇటీవలి రికార్డుకైనా ఈ నకలు ఇస్తారు. ఆర్డరులో పూర్తి నకలు ఎంచుకోండి, సంక్షిప్త జనన పత్రంలో తల్లిదండ్రుల పేర్లుండవు. కామన్వెల్త్ పౌరులకున్న యూకే ఆన్సెస్ట్రీ వీసాకు తాత, నానమ్మ, అమ్మమ్మలలో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి, ముత్తాత లెక్కలోకి రాడు. ఆ ఒకరి జనన పత్రంతోపాటు మీ అమ్మ లేక నాన్న జనన పత్రం, మీది, మధ్యలో పేరు మారిన ప్రతి పెళ్లి పత్రం జతచేయాలి. మన వైపు పత్రాల్లో స్పెల్లింగు తేడాలుంటే అవి దిద్దించుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది, అందుకని ఆ పని ముందే మొదలుపెట్టండి.