మూతబడ్డ ఊరి గ్రంథాలయం మళ్లీ నడవాలంటే

ముందు మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో లైబ్రరీ సెస్ అని ఒక చిన్న అంకె ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన సెస్ అది, పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. నేను తాళంచెవి అడిగినప్పుడు "నీకెందుకమ్మా ఈ గోల" అన్నవాళ్లకు ఆ రసీదే చూపించాను. సంస్థకు అర్జీ పెట్టేటప్పుడు కూడా, ఊళ్లో ఏడాదికి ఎంత సెస్ వసూలైందో పంచాయతీ కార్యదర్శిని అడిగి రాయండి. ఆ ఒక్క లైనుకున్న బలం మిగతా రెండు పేజీలకు ఉండదు.

తలుపు తీయగానే పుస్తకాల జోలికి పోకండి. ముందు పేపర్లు వేయించండి. రెండు తెలుగు దినపత్రికలు, ఒక పొడవాటి బల్ల, తిరిగే ఫ్యాను. టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లు అటునుంచి ఇటు వచ్చేది వాటికోసమే. చూపు ఆనని ఒక తాతగారికి ఏడో తరగతి పిల్ల పేపరు చదివిపెట్టేది. గుంటూరు యార్డులో మిర్చి ధర మాత్రం రెండుసార్లు చదివించుకునేవారు. ఆ పిల్లే తర్వాత మా మొదటి సభ్యురాలు.

ఇక బీరువాలు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మొదటి వానాకాలం చోటు కలిసొస్తుందని చెక్క బీరువాను గోడకు ఆనించి పెట్టాను. దసరా సెలవుల తర్వాత కింది అరలోంచి ఒక నవల లాగితే అట్ట మాత్రమే చేతికొచ్చింది. లోపలంతా మట్టి. చెదలు గోడలోంచి నేరుగా బీరువా వీపులోకి దారి వేసుకున్నాయి. ఆ అర అరంతా పోయింది. అప్పటినుంచి గోడకూ బీరువాకూ మధ్య జానెడు ఎడం. కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు. కింది అర ఖాళీ. నెలకోసారి పుస్తకాలన్నీ దించి దులపాలి. తడిసినవాటిని ఎండలో పెట్టకండి, అట్టలు వంకర తిరుగుతాయి. ఫ్యాను కింద పేజీలు విప్పి ఆరనివ్వండి.

ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రిజిస్టర్‌లో ఎక్కించండి. ముద్ర మొదటి పేజీ మీదే కాదు, లోపల మీరు ఎంచుకున్న ఒక పేజీ మీద కూడా వేయండి. అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీ. మొదటి పేజీ చించేసినా పుస్తకం ఎవరిదో తెలిసిపోతుంది. మాది ఏ పేజీయో ఇక్కడ చెప్పను.

ఆడవాళ్లు రావట్లేదని చాలామంది అంటారు. వాకిట్లోనే మగవాళ్లు పేపర్లు పరుచుకుని కూర్చుంటే ఎలా వస్తారు? 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. మాకు పడవ లేదు, బియ్యం సంచి ఉంది. ద్వాక్రా మీటింగు రోజు అందులో ఇరవై పుస్తకాలు వేసుకుని వెళ్తాను. అప్పు వాయిదా కట్టి, సంతకం పెట్టి, పుస్తకం పట్టుకెళ్తారు. ఎక్కువగా వంటలు, వారపత్రికలు, దెయ్యాల కథలు. ఏం చదవాలో మనం చెప్పకూడదు.

పోటీ పరీక్షల కుర్రాళ్లకు మాత్రం లోపలి గది విడిగా ఇవ్వండి. వాళ్లకు కావాల్సింది మన పుస్తకాలు కాదు, లైటు, నిశ్శబ్దం, ఫోన్ చార్జింగ్ ప్లగ్గు.

ఆలస్యమైతే జరిమానా అని బోర్డు పెట్టకండి. నేను పెట్టాను. పది రూపాయలకు భయపడి ఒక కుర్రాడు పుస్తకం ఇవ్వడమే కాదు, ఆ వీధిలోకి రావడమే మానేశాడు. బోర్డు తీసేసిన వారానికి వాళ్లమ్మ తెచ్చిచ్చింది, పసుపు మరకతో. ఆవిడా చదివిందట. కార్డు రాసిమ్మంది.