పేవర్ బ్లాకుల గచ్చు కుంగిందా, కదులుతోందా, తెల్లబడిందా? సమస్య - పరిష్కారం

పెరట్లో నాలుగు కుర్చీలు వేసుకునేందుకో, గేటు నుంచి గుమ్మం దాకా బురద లేకుండా ఉండేందుకో పేవర్ బ్లాకులు (నేల మీద పరిచే కాంక్రీటు దిమ్మెలు) వేయించుకోవడం విశాఖలో మామూలైపోయింది. పని త్వరగానే తెమిలిపోతుంది. లోపాలు మాత్రం మొదటి వానాకాలంలోగానీ బయటపడవు. అప్పుడు మేస్త్రిని పిలిస్తే చాలాసార్లు ఒకటే మందు: సందుల్లో సిమెంటు పాలు పోసేయడం. దాంతో లోపం పోదు, కనపడకుండా పోతుందంతే. ఆ తర్వాత విప్పి బాగుచేయాలంటే బ్లాకులు పగలగొట్టాల్సి వస్తుంది. విప్పి మళ్లీ పేర్చుకోగలగడమే ఈ గచ్చుకున్న సుగుణం. దాన్ని పోగొట్టుకోవద్దు.

ఏ బ్లాకూ పీకకముందు గచ్చు మీద రెండు బకెట్ల నీళ్లు పోసి, ఎటు వెళ్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. ఆగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

గచ్చు కుంగింది

ఎక్కువ మందికి వచ్చే సమస్య ఇదే. ఎంత లోతు కుంగిందన్నదాని కంటే ఏ ఆకారంలో కుంగిందన్నది ముఖ్యం.

పొడుగ్గా కాలువలా కుంగితే, కింద పైపు కోసం తవ్విన గాడి ఉన్నట్టే. పైపు వేశాక మట్టి లాగేసి, దిమ్మిస కొట్టకుండా వదిలేసి ఉంటారు. పైపు కారుతోందేమో కూడా చూడాలి. కారుతున్న పైపు మీద ఎన్నిసార్లు సరిచేసినా వృథా.

గోడ వెంబడే కుంగితే అది పునాది గుంతల్లో పూడ్చిన మట్టి. డాబా మీది వాన నీటి గొట్టం అక్కడే వదిలేసి ఉంటే కుంగడం మరీ త్వరగా మొదలవుతుంది. ముందు ఆ గొట్టాన్ని కాలువలోకో ఇంకుడు గుంతలోకో మళ్లించండి.

గచ్చులో ఒక పక్క మొత్తం దిగితే స్థలం చరిత్ర గుర్తుచేసుకోండి. మన ఊళ్లో చాలా ప్లాట్లు కొండవాలులో ఉన్నవే. ఎగువ పక్క తవ్వి, ఆ మట్టితోనే దిగువ పక్క ఎత్తు చేస్తారు. తవ్విన వైపు నేల గట్టిది, పూడ్చిన వైపు వదులుది. మన ఎర్రమట్టి ఎండలో రాయిలా ఉంటుంది, నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. అందుకే వేసవిలో చూసి ‘నేల బ్రహ్మాండంగా ఉంది’ అనుకోవడం పొరపాటు.

గుండ్రంగా ఒకే చోట కుంగితే? సెప్టిక్ ట్యాంకు చుట్టుపక్కలైనా కావచ్చు, పాత చెట్టు మొదలైనా కావచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు ఊళ్లో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. పైభాగం కోసేసి, మొదలు మట్టిలోనే వదిలేసిన పెరళ్లు ఉన్నాయి. ఆ మొదలు కుళ్లేకొద్దీ పైన మట్టి లోపలికి జారుతుంది.

ఇక బాగుచేసే పద్ధతి. కుంగిన చోటే కాకుండా చుట్టూ అడుగు మేర అదనంగా విప్పండి. మొదటి బ్లాకు రావడమే కష్టం. దాని సందులో ఇసుక గీకేసి, రెండు పక్కల నుంచి రెండు చదును స్క్రూడ్రైవర్లు పెట్టి, కొంచెం కొంచెం ఊపుతూ పైకి లేపాలి. తర్వాతవి చేత్తో వచ్చేస్తాయి. కింది ఇసుక, కంకర తీసి, మెత్తటి మట్టి ఉంటే గట్టి నేల తగిలేదాకా తవ్వండి. కుళ్లిన వేళ్లుంటే అన్నీ ఏరేయండి. తర్వాత గ్రావెల్‌తోనో, చిన్నా పెద్దా సైజులు కలిసిన క్రషర్ కంకరతోనో నాలుగేసి అంగుళాల పొరలుగా నింపుతూ, కొద్దిగా తడిపి, ప్రతి పొరా దిమ్మిస కొట్టాలి. లోతును ఇసుకతో పూడ్చకండి. బ్లాకు కింద ఇసుక అంగుళం నుంచి అంగుళంన్నర దాటకూడదు. మందంగా పోస్తే అదే మళ్లీ కుంగుతుంది. ఇసుక పరిచేటప్పుడు అంగుళం మందం పైపులు రెండు పెట్టి, వాటి మీద బద్ద లాగితే సమంగా వస్తుంది. పైపులు తీసిన గాళ్లను ఇసుకతో నింపి, దాని మీద నడవకుండా బ్లాకులు పేర్చాలి. ఆ చోటు చుట్టూ ఉన్నదాని కంటే రవ్వంత ఎత్తుగా ఉంచితే వైబ్రేటర్‌తో (అదురుతూ బ్లాకులను కిందకు నొక్కే యంత్రం) సమానమవుతుంది.

నీళ్లు నిలుస్తున్నాయి, లేదా గోడ వైపు వస్తున్నాయి

గుంట లేకుండానే నీళ్లు ఆగితే వాలు చాలలేదు. పది అడుగులకు రెండు అంగుళాల వాలు, అదీ గోడకు దూరంగా ఉండాలి. రసమట్టం ఒక్కదాన్నే నమ్మకుండా దారం కట్టి కొలవండి. కొద్ది చోటే అయితే అక్కడ విప్పి ఇసుక సర్దితే సరిపోతుంది. గచ్చంతా గోడ వైపు వాలితే మాత్రం మళ్లీ పేర్చడమే దారి. గచ్చు పైమట్టం ప్లింత్ (నేల పైకి కనిపించే పునాది గోడ) మీద తేమను ఆపే పొర కంటే ఆరు అంగుళాలు కిందకు ఉండాలి. ఎత్తు పెరిగితే లోపలి గోడకు చెమ్మ ఎక్కి రంగు రాలుతుంది. పెయింటర్‌ని నిందించి లాభం లేదు.

అంచులు జరిగి సందులు పెరిగాయి

చుట్టూ కర్బ్ రాయి (గచ్చు జరగకుండా అంచున పాతే రాయి) లేకపోవడమో, ఉన్నా మట్టిలో గుచ్చి వదిలేయడమో కారణం. అంచు బ్లాకులు ఒక వరుస తీసి, కర్బ్‌ను కాంక్రీటులో కూర్చోబెట్టి, బయటి పక్క కూడా కాంక్రీటు దన్ను ఇవ్వండి. బైకు పెట్టే పక్క ఇది తప్పనిసరి.

బ్లాకులు అడుగేస్తే ఊగుతున్నాయి

ఒకటి రెండే అయితే కింద రాయిముక్క అడ్డుపడి ఉంటుంది. చాలా ఊగుతుంటే సందుల్లో ఇసుక లేదు. సందు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. బాగా ఎండిన సన్న ఇసుక చల్లి, చీపురుతో అటూ ఇటూ ఊడ్చి, వైబ్రేటర్ తిప్పి, మళ్లీ చల్లాలి. తడి ఇసుక పైపైనే ఆగిపోతుంది. వానలకు కొంత ఇసుక దిగుతుంది కాబట్టి తర్వాత ఇంకోసారి నింపడం మామూలే. అంచున చిన్న చిన్న ముక్కలే ఊగుతుంటే, బ్లాకులో మూడో వంతు కంటే చిన్న ముక్క పెట్టకుండా వరుస మార్చి కోయించండి.

తెల్లటి పొడి పేరుకుంది

కొత్త బ్లాకుల్లోని సున్నం నీటితో పైకి వచ్చి, గాలి తగిలి అలా తెల్లబడుతుంది. బలానికి ఏ నష్టమూ లేదు. పొడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్‌తో ఊడ్చి, కొన్ని నెలలు ఆగండి. యాసిడ్ పోయించకండి, రంగు పోతుంది. ఎన్నాళ్లకూ తగ్గకుండా తిరిగి తిరిగి వస్తే ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి: ఉప్పగా ఉండే బోరు నీళ్లతో రోజూ కడుగుతున్నారా, సముద్రపు ఇసుక వాడేశారా? ఇసుకే కారణమైతే మార్చాల్సిందే. రోబో శాండ్ (రాయిని పొడిచేసి తయారుచేసే ఇసుక) తెప్పించుకోవచ్చు, కానీ మెత్తని పొడి ఎక్కువ లేనిది చూసుకోవాలి. ఆ పొడి నీటిని కిందకు దిగనివ్వదు.

పైపొర రాలుతోంది

ఇది బ్లాకు తయారీలోనే ఉన్న లోపం. బాగా ఎండిన బ్లాకును తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం సగటు నీటి పీల్పు ఆరు శాతం మించకూడదు. 200 × 100 × 60 మిల్లీమీటర్ల బ్లాకు 2.8 కిలోల దాకా తూగుతుంది. అంటే బరువు సుమారు 170 గ్రాములకు మించి పెరిగితే అనుమానించాల్సిందే. ఇంటి పరీక్ష లాబ్‌తో సమానం కాదుగానీ సరఫరాదారుతో మాట్లాడటానికి చాలు.

పాచి, గడ్డి, చీమలు

పాచి నీడ, తడి ఉన్నచోట పడుతుంది. ఏసీ గొట్టం నీళ్లు గచ్చు మీద కారుతుంటే ముందు దాన్ని మళ్లించండి. పలచని బ్లీచింగ్ నీళ్లతో రుద్ది కడగండి. గడ్డి విత్తనాలు గాలికి వచ్చి సందుల్లో పడతాయి కాబట్టి వారానికోసారి ఊడవడమే మేలైన మందు. చీమలు ఇసుక బయటకు తోడేస్తే మళ్లీ నింపుకోవాలి.

కొత్తగా వేయించేవారు

నడకకు 50 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, కారు ఎక్కేచోట కనీసం 60 ఉండాలి. కింద నాలుగు అంగుళాల కంకర, వైబ్రేటర్ తిప్పడం ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. ధర తగ్గించమంటే ముందు ఎగరగొట్టేవి ఇవే. పది బై పన్నెండు అడుగుల గచ్చుకు పదిహేను ఘనపుటడుగుల ఇసుక పడుతుంది, తరుగుకు కొంచెం ఎక్కువే తెప్పించండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల రోజుల్లో పని పెట్టుకోకండి. అదే లోడులోంచి ఇరవై బ్లాకులు మిగిల్చి ఒక మూల దాచుకోండి. తర్వాత కొనేవాటికి రంగు కలవదు.