ల్యాప్‌టాప్ వేడిగాలి స్క్రీన్‌కి తగులుతోందా?

చాలా ల్యాప్‌టాప్‌లలో వేడిగాలి హింజ్ (మూత మడతపడే చోటు) దగ్గరి సందులోంచి వచ్చి స్క్రీన్ కింది అంచుకి తగులుతుంది. మూత తెరిచి ఉంటే భయపడక్కర్లేదు. ప్రాసెసర్ 90 డిగ్రీల సెల్సియస్ చూపించినా బయటికొచ్చే గాలి అంత వేడిగా ఉండదు, గదిగాలితో కలిసి ఇంకా చల్లబడుతుంది.

అసలు ముప్పు మూత మూసేసి, బయటి మానిటర్ పెట్టుకుని గేములో వీడియో ఎడిటింగో నడిపినప్పుడే. కొన్ని మోడళ్లలో అప్పుడు సందు దాదాపు మూసుకుపోతుంది, వేడి స్క్రీన్ దగ్గరే నిలిచిపోతుంది. బరువైన పనులకి మూత 100 డిగ్రీల కోణానికి మించి తెరిచే ఉంచండి.

గాలి పీల్చే రంధ్రాలు అడుగున ఉంటే వెనక వైపు 2-3 సెంటీమీటర్లు ఎత్తు పెట్టండి. పరుపు మీద మాత్రం వద్దు. దుమ్ము ఊదే ముందు పవర్ ఆపి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పుల్లతో పట్టుకోండి. గాలి వేగానికి గిర్రున తిరిగితే ఫ్యాన్ బేరింగ్ (రెక్కలు తిరిగే ఇరుసు భాగం) దెబ్బతినొచ్చు.