బార్ నడుపుతూనే పూల్ టేబుళ్లను కాపాడుకున్న తీరు

కర్రతో బంతులను కొట్టి టేబుల్ రంధ్రాల్లో వేసే పూల్ ఆట ఆడే మా పూల్ రూమ్ రాబడిలో అధికభాగం తిండి, మద్యం మీదే వస్తుంది కాబట్టి వాటిని తగ్గించే ప్రశ్నే లేదు. అయితే వేపుడు తిన్న వేళ్ల జిడ్డు బంతులకు అంటి, వాటి నుంచి టేబుల్ బట్టకు చేరి, కర్ర కొనకు రాసే చాక్ పొడితో కలిసి నల్లటి చారలు కట్టడంతో ఆట మందగించేది. అందుకే ప్రతి టేబుల్ దగ్గర చెయ్యి చాచితే అందే దూరంలో ఎత్తైన చిన్న బల్లను, దానిపై చేతులు తుడుచుకునే తడి కాగితాలను ఏర్పాటు చేశాను. నిషేధపు బోర్డుల కంటే ఇదే బాగా పనిచేసింది. గ్లాసుకు చోటు దొరికితే ఎవరూ టేబుల్ అంచు జోలికి పోరు. ఒలికిన పానీయాన్ని రుద్దితే మరక మరింత విస్తరిస్తుంది గనుక పొడిగుడ్డతో అద్ది తీయమని సిబ్బందికి నేర్పాను. బంతులు తుడవడం, బట్టను ఒకే దిశలో బ్రష్ చేయడం ఇప్పుడు బార్ మూసేముందు చేసే పనుల పట్టికలోనే ఉన్నాయి. బట్ట మార్పిడికి బార్ రాబడి నుంచే కొంత విడిగా తీసిపెడుతున్నాను.