అంబాసిడర్ క్లచ్ వదుల్తుంటే బండి దడదడలాడుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూస్కోండి

ఫస్ట్ గేరేసి క్లచ్ మెల్లగా వదుల్తుంటే బండి మొత్తం దడదడమని ఊగిపోయి, డ్యాష్‌బోర్డు గడగడలాడి, తీరా కాలు పూర్తిగా తీసేసరికి ఏమీ ఎరగనట్టు సాఫీగా వెళ్ళిపోతుందా? అదే క్లచ్ జడ్డర్. ఈ మాట మెకానిక్ చెవిన పడితే ముందు వచ్చే జవాబు "ప్లేటు పోయింది సార్, గేర్‌బాక్స్ దించాలి". నేనూ నమ్మా. నాన్నగారి 1984 మోడల్ అంబాసిడర్‌కి, అదే 1489 సీసీ పెట్రోల్, హ్యాండ్ గేర్ (స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్ ఉండే) బండి, ఏడాదిలో రెండు ప్లేట్లు మార్పించా, రెండుసార్లూ దడ అలాగే ఉంది, చివరికి తేలిందేంటంటే పోయింది ఒక మౌంటింగ్ రబ్బరు, అంటే ఇంజన్‌ని మోసే రబ్బరు దిమ్మ! అందుకే నా పద్ధతి ఏంటంటే బయట ఉన్నవన్నీ చూశాకే లోపలికి వెళ్ళడం.

ముందు అది జడ్డరేనా కాదా తేల్చుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది కానీ బండి అందుకోవట్లేదంటే అది స్లిప్పింగ్. పెడల్ పూర్తిగా తొక్కినా రివర్స్ కరకరమంటూ పడుతోందంటే క్లచ్ పూర్తిగా విడట్లేదు. ఇవి వేరే జబ్బులు, వీటి సంగతి ఇక్కడ చెప్పట్లేదు. న్యూట్రల్‌లో నిలబెట్టి కొంచెం రేజ్ చేసి చూడండి, అక్కడే ఇంజన్ గుక్కలు పెడుతుంటే క్లచ్‌ని తిట్టి లాభం లేదు, ప్లగ్గులు, పాయింట్లు, కార్బ్యురేటర్ చూస్కోవాలి. ఈ ఇంజన్‌కి పాయింట్ గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్ గ్యాప్ 0.025 అంగుళం పెడతారు. మిస్ కొట్టే ఇంజన్‌తో బండి కదిలిస్తే అచ్చం జడ్డర్ లాగే ఉంటుంది, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

తర్వాత దడ ఎప్పుడొస్తోందో గమనించండి. వానాకాలం షెడ్‌లో నెల రోజులు కదలకుండా ఉండి, తీసిన మొదటి రెండు మూడు స్టార్టుల్లో దడ వచ్చి పోయిందంటే ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం) మీద పట్టిన సన్నటి తుప్పు, తిరిగితే అదే పోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, దుర్గ గుడి ఘాట్ రోడ్డు లాంటి ఎత్తు మీద ఆగి ఆగి ఎక్కాక వేడికి మొదలైతే ప్లేటు మీద ఆయిలో, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలో అనుకోవచ్చు. ముందుకి పర్లేదు గానీ రివర్స్‌లో భరించలేమంటే (నాది ఇదే) నా అనుమానం మౌంటింగుల మీద.

మౌంటింగ్ చూడ్డం సులువే, కాకపోతే ఇద్దరు కావాలి. చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, బానెట్ ఎత్తి, ఒకరు సీట్లో కూర్చుని ఫస్ట్ గేర్లో క్లచ్ పట్టుకునే వరకే వదిలి మళ్ళీ తొక్కెయ్యాలి, రెండోవాళ్ళు పక్కనుంచి చూడాలి, బండికి ఎదురుగానో వెనకో మాత్రం నిలబడొద్దు ప్లీజ్. ముందు గేర్లో ఇంజన్ ఎడమ పక్క (సీట్లో కూర్చున్నవాళ్ళకి ఎడమ) పైకి లేవాలని చూస్తుంది, రివర్స్‌లో కుడి పక్క. కొంచెం కదలడం మామూలే, కానీ ఒక పక్క టక్కున లేచి దభీమని కూర్చుంటే ఆ పక్క రబ్బరు విడిపోయినట్టే. మా బండికి ఆయిల్ ఫిల్టర్ దగ్గర్నుంచి ఏళ్ళ తరబడి కారిన ఆయిల్ కుడి రబ్బరుని నానబెట్టి జిగురు ముద్దలా చేసేసింది. గేర్‌బాక్స్ కింద ఉండే మౌంటింగ్ కూడా మర్చిపోకండి, అది కింద దాక్కుని ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు.

అలాగే కింద దూరినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్ళే రాడ్) చేత్తో అటూ ఇటూ తిప్పి దాని చివర్ల కీళ్ళయిన క్రాసుల్లో ప్లే ఉందేమో, వెనక పట్టీల (లీఫ్ స్ప్రింగుల) యు బోల్టులు వదులయ్యాయేమో, పట్టీల బుష్‌లు అరిగాయేమో చూడండి. క్లచ్ పట్టుకోగానే వెనక యాక్సిల్ హౌసింగ్ మెలి తిరగాలని చూస్తుంది, పట్టీలు గట్టిగా పట్టుకోకపోతే అది ఎగిరెగిరి పడి బండినంతా కుదుపుతుంది. పెడల్ కూడా ఓసారి మెల్లగా వదిలి చూడండి, మధ్యలో ఎక్కడో పట్టేసి ఒక్కసారిగా వదులుతోందంటే లింకేజీలో తుప్పుందన్నమాట.

ఇక ఆయిల్. ఈ పాత బీఎంసీ ఇంజన్‌కి క్రాంక్ వెనక చివర ఇప్పటి బండ్లలా రబ్బరు సీల్ ఉండదు, షాఫ్ట్ మీద మర లాంటి గాడి ఉండి అది ఆయిల్‌ని తిరిగి ఇంజన్ లోపలికి తోస్తుంది. అందుకే కొంచెం కారడం దీని పుట్టుకలోనే ఉంది. రాత్రి బెల్ హౌసింగ్ (క్లచ్ మీదుండే గంట లాంటి డొప్ప) కింద అట్టముక్క పెట్టి పొద్దున్నే చూడండి, ఒకటి రెండు చుక్కలైతే వదిలెయ్యండి, చిన్న మడుగే కట్టిందంటే మాత్రం ముందు బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయిందేమో, ఆయిల్ మార్కు దాటి పోశారేమో చూడండి. బ్రీదర్ మూసుకుంటే లోపలి ఒత్తిడికి ఆయిల్ ఆ గాడిని కూడా దాటుకుని క్లచ్ మీదకి వచ్చేస్తుంది. ఇది సరిచేయకుండా కొత్త ప్లేటు వేస్తే నాలుగు నెలల్లో మళ్ళీ అదే కథ.

ఇవన్నీ బాగున్నా దడ పోలేదంటే అప్పుడు దించండి. దించాక అక్కడే నిలబడండి, "నేను చూస్కుంటా సార్" అన్నా సరే. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ బూడిదని గాలి కొట్టి ఊదనివ్వకండి, తడి గుడ్డతో తుడిపించండి. ప్లేటు లైనింగ్ అద్దంలా మెరుస్తోందా, ఆయిల్‌కి నల్లబడిందా చూడండి. ఆయిల్ పీల్చిన లైనింగ్‌ని పెట్రోల్‌తో కడిగితే పైకి శుభ్రంగా కనిపిస్తుంది గానీ వేడెక్కగానే లోపలి ఆయిల్ బయటికొస్తుంది, కాబట్టి అది మార్చాల్సిందే. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్న పగుళ్ళు ఉంటే లేత్ మీద ఫేసింగ్ చేయించాలి, పగుళ్ళు లోతుగా ఉంటే ఫ్లైవీలే మార్చాలి. ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టేది) పాత రకమైతే దాని మూడు వేళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలవండి, ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటే ప్లేటు ఒక పక్కగా పట్టుకుని దడ పుట్టిస్తుంది.

ఎక్కించేటప్పుడే అసలు ప్రమాదం. గేర్‌బాక్స్ షాఫ్ట్ ప్లేట్లోకి సగం దూరాక జాకీ తీసేసి గేర్‌బాక్స్‌ని అలా వేలాడదీసి బీడీ తాగొచ్చే వాళ్ళని నేను కళ్ళారా చూశా. ఆ బరువంతా ప్లేటు హబ్ మీద పడి సన్నగా వంగిపోతుంది, అప్పుడు డబ్బాలోంచి తీసిన కొత్త ప్లేటు కూడా మొదటి రోజు నుంచే దడదడమంటుంది. బోల్టులన్నీ పట్టేదాకా జాకీ కిందే ఉండాలి, స్ప్లైన్ల (ఆ షాఫ్ట్ మీది గాళ్ళు) మీద గ్రీజు వేలితో అద్దినంతే, ఎక్కువ పూస్తే అది ఎగిరి లైనింగ్ మీదే పడుతుంది. కొత్త ప్లేటు అయితే మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఎత్తుల మీద సగం క్లచ్‌తో బండిని నిలబెట్టకండి, ఈ లోపు సన్నటి వణుకు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఫేసులు కుదురుకుంటున్నాయంతే.