వానకాలం రూపమా, పొడికాలం రూపమా? ఫొటో చూసి సీతాకోకచిలుకను పోల్చుకోవడం

పీకాక్ పాన్సీ అనే సీతాకోకచిలుకను జులైలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. రెక్కలు మూసుకుని ఉంటే రెండు వేరే జాతులని ఒట్టేసి చెప్పాలనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకే జాతి. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ కూడా 1758లో వాటికి అల్మానా, ఆస్టెరీ అని రెండు పేర్లు పెట్టాడు. మొదటిది పొడికాలం రూపం, రెండోది వానకాలం రూపం.

రెక్కలు విప్పిన ఫొటో ఎంత అందంగా వచ్చినా ఈ పనికి చాలదు. పాన్సీకి పైపక్క మచ్చలు ఏడాదంతా ఇంచుమించు ఒకటే, అంచుల ఆకారం తప్ప తేడా అంతా అడుగుపక్కే. రెక్కలు మూసేదాకా ఆగండి. ఫోన్‌ను దాని ఎత్తుకే దించి సరిగ్గా పక్కనుంచి తీయండి. వాలుగా తీస్తే రెక్క కొన పొట్టిగా పడి ఆకారం మోసం చేస్తుంది. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిన్న చుక్కలు అలుక్కుపోతాయి, తీసిన తేదీ కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

పాన్సీలో ముందు అంచులు చూడండి. పొడికాలం రూపానికి ముందురెక్క కొన కోణంగా పొడుచుకొస్తుంది, వెనకరెక్క కింది మూల చిన్న తోకలా సాగుతుంది. ఆ తోక నుంచి ముందురెక్క కొనవైపు ఒక గీత, అచ్చం ఎండుటాకు నడిమి ఈనెలాగే. కన్నులా గుండ్రంగా ఉండే కంటిమచ్చలు దాదాపు మాయం. వానకాలం రూపానికి అంచులు నున్నగా ఉంటాయి, కంటిమచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. తోక కనపడలేదని తొందరపడకండి. పిట్ట కొరికితే ముందు పోయేది అదే, కాబట్టి రెండో పక్క రెక్క కూడా చూడాలి.

మసకచీకట్లో వరండా లైటుకి వచ్చే కామన్ ఈవెనింగ్ బ్రౌన్ ఇంకా తేలిక. వానల్లో అడుగుపక్క సన్నని అలల గీతలు, వరసగా కంటిమచ్చలు ఉంటాయి. పొడికాలంలో అవి చుక్కలంత అయిపోతాయి, ముందురెక్క కొన కొక్కెంలా వంగుతుంది. రంగు మాత్రం ఏ రెండింటికీ కలవదు: ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద, ఇంకొకటి నల్లమరకలతో. అందుకే రంగును నమ్మి రూపం తేల్చకండి. పైగా సాయంత్రం వెలుగూ, ఫోన్ చేసే రంగుల సర్దుబాటూ (వైట్ బ్యాలెన్స్) గోధుమరంగును ఇట్టే మార్చేస్తాయి.

కామన్ గ్రాస్ ఎల్లోతో చిక్కు వేరు. అది కూర్చుంటే రెక్కలు విప్పదు, చూడాల్సిన నల్లంచేమో పైపక్కన ఉంటుంది. పొద్దున్నే ఎండకు ఎదురుగా నిలబడి, రెక్క వెనకనుంచి వెలుగు వచ్చేలా తీస్తే అంచు నీడ పసుపులోంచి కనిపిస్తుంది. వెడల్పు అంచు వానకాలానిది. అంచు సన్నగా ఉండి, అడుగున ముందురెక్క కొన దగ్గర ఎర్రగోధుమ మచ్చ ఉంటే పొడికాలానిది. ముందు జాతి ఖాయం చేసుకోవడం మరవద్దు: అడుగున ముందురెక్క మొదలువైపు, ఈనెల మధ్య ఉండే గడిలో రెండు చిన్న మచ్చలు ఉండాలి. మూడుంటే అది త్రీ స్పాట్ గ్రాస్ ఎల్లో.

ఇక నెల. రెక్క రూపం చాలావరకు గొంగళిపురుగుగా ఉన్నప్పుడే ఖాయమైపోతుంది, గూడు విడిచి బయటికొచ్చాక మారదు. అంటే ఫొటో తేదీ నుంచి రెండు మూడు వారాలు వెనక్కి వెళ్లి అప్పటి వాతావరణం చూడాలి. మన విశాఖలో అక్టోబరు వానలు కూడా గట్టివే, అందుకని కంబాలకొండ అభయారణ్యం అంచున ఉన్న పెరళ్లలో నవంబరు, డిసెంబరుల్లో రెండు రూపాలూ ఒకే మొక్క మీద కనిపించినా ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో మధ్యరకాలు కూడా వస్తాయి. సగం చెరిగిన కంటిమచ్చలు, కొద్దిగా సాగిన తోక ఉన్నవాటిని బలవంతాన ఒక గంపలో వెయ్యకుండా ‘మధ్యరకం’ అనే రాసుకోండి.

రేల చెట్టు చుట్టూ తిరిగే కామన్ ఎమిగ్రెంట్‌ను ఈ లెక్కలో కలపకండి. ఎర్రంచు మచ్చలున్నదీ, మచ్చల్లేనిదీ ఒకే నెలలో ఒకే చెట్టు మీద కలిసి తిరుగుతాయి. వాటిని విడదీయడానికి మీసాలు చూస్తే చాలు: మచ్చలున్నదానికి ఎర్రగా, లేనిదానికి నల్లగా ఉంటాయి.