సొంతంగా సోలార్ ప్యానెల్ – 3వ పాఠం: సెల్‌కు సెల్ అతకడం

పోయిన పాఠంలో చెప్పిన టంకం, ఫ్లక్స్ (టంకం బాగా పట్టేలా పూసే మందు), రిబ్బన్ (సెల్స్‌ను కలిపే సన్నని రాగి పట్టీ) చెన్నై రిచీ వీధిలో కొనే ఉంటారు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు ఒక మాట. సిలికాన్‌తో సెల్ (ఎండను కరెంటుగా మార్చే పలచని బిళ్ల) చేయాలంటే కొలిమిలు, దుమ్ము లేని గదులు, భారీ పెట్టుబడి కావాలి. చిన్న షెడ్డులో అయ్యే పని కాదు. సెల్స్ కొని ప్యానెల్‌గా కూర్చడం మాత్రం చేతిపని. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ చదువురాని పల్లె మహిళలకు సౌరదీపాలు కూర్చడం, బాగుచేయడం నేర్పింది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి నేర్చుకున్నవారూ ఉన్నారు. చేతులు కుదిరితే చాలు, మీకూ వస్తుంది.

సెల్ చిన్నదైనా పెద్దదైనా పనిచేసేటప్పుడు ఇచ్చేది సుమారు అర వోల్టే; ఏమీ తగిలించకుండా కొలిస్తే 0.6 దాకా చూపుతుంది. వైశాల్యం పెరిగితే కరెంటు పెరుగుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నింపడానికి అందుకే 36 సెల్స్ వరుసగా కలుపుతాం. ఈ వారం 9 సెల్స్ వరుస ఒక్కటి చేద్దాం. ఇలాంటివి నాలుగు కావాలి.

మనం కొన్న రకం సెల్‌కు నీలం ముఖం రుణం, వెనుక వైపు ధనం. రిబ్బన్‌ను సెల్ పొడవుకు రెండింతలకన్నా కాస్త తక్కువగా కత్తిరించండి. సగం ఒక సెల్ ముఖంపై, మిగతా సగం పక్క సెల్ వెనుక. బస్‌బార్‌పై (సెల్ మీది వెడల్పాటి వెండి గీత) ఫ్లక్స్ పూసి, రిబ్బన్ పరిచి, ఐరన్ కొనను ఒకచోట ఆపకుండా మెల్లగా లాగండి. నొక్కకండి. సెల్ మందం మిల్లీమీటరులో ఐదో వంతుకన్నా తక్కువ, అప్పడంలా విరుగుతుంది. సెల్‌కూ సెల్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఎండకు సాగే చోటు అది.

నా మొదటి వరుస ఎండలో 5.4 వోల్టులు చూపింది. పొంగిపోయాను. చిన్న మోటారు తగిలిస్తే కదలలేదు. భూతద్దంతో వెతికితే నాలుగో సెల్ వెనుక రిబ్బన్ అతుకు పడాల్సిన వెండి చుక్కలను తప్పి, బూడిదరంగు అల్యూమినియంపై పడి ఉంది. అల్యూమినియానికి టంకం పట్టదు. రిబ్బన్ ఊరికే ఆనుకుని ఉందంతే. మీటరు వోల్టేజీ కొలిచేటప్పుడు కరెంటు దాదాపు తీసుకోదు కాబట్టి చెడ్డ అతుకు కూడా మంచిదిలా కనిపించింది.

కాబట్టి రెండూ కొలవండి. వోల్టేజీ 4.2 దగ్గర ఆగితే ఒక సెల్ తలకిందులుగా పడిందన్నమాట. తర్వాత మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, కొన్ని క్షణాలు మాత్రమే కరెంటు చూడండి. 156 మిల్లీమీటర్ల పూర్తి సెల్ అయితే నిండు ఎండలో 8 ఆంపియర్ల దగ్గర రావాలి. బాగా తగ్గితే ప్రతి అతుకునూ మళ్ళీ చూడండి.

మామూలు టంకంలో సీసం ఉంటుంది. కిటికీలు తెరిచి పనిచేయండి, చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టండి. పూర్తయిన వరుసను చెక్కపలకపై పరిచి మూత ఉన్న పెట్టెలో పెట్టండి. వచ్చే పాఠంలో గాజు మధ్యకు చేరేదాకా చెన్నై ఉప్పుగాలి దానికి తగలకూడదు.